నా పేరు నాదేనని నిరూపించడానికి నాలుగు ట్రిప్పులు: నా పారామెడికల్ రిజిస్ట్రేషన్ అనుభవం

2025 సెప్టెంబర్ 19, శుక్రవారం సాయంత్రం ఫోన్‌కు మెసేజ్ వచ్చింది, నా రిజిస్ట్రేషన్ నంబర్ వచ్చేసిందని. ఇంటి వెనక బట్టలు ఆరేస్తున్నాను అప్పుడు. తడి చేతులతోనే మూడుసార్లు చదివాను. ఇంటర్న్‌షిప్ అయిపోయింది మే 1న. లెక్కేస్తే సరిగ్గా 141 రోజులు.

ఈ 141 రోజుల్లో ఏం జరిగిందో మా జూనియర్లు రోజుకొకరు ఫోన్ చేసి అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ చెప్పే ఓపిక అయిపోయింది, అందుకే అంతా ఒక్కచోట రాస్తున్నా. ముఖ్యంగా మావైపు నుంచి, అంటే మహారాష్ట్రలో పదో తరగతి, బారావీ (పన్నెండో తరగతి) చదివి తెలంగాణలో డిగ్రీ చేసేవాళ్లు ఇది చదివితే కనీసం రెండు ట్రిప్పులు మిగులుతాయి.

మాది గడ్చిరోలి జిల్లా సిరొంచ తాలూకా. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. గోదావరి మీది వంతెన దాటితే కాళేశ్వరం. ఒంట్లో బాగోలేకపోతే మా వాళ్లెవరూ జిల్లా కేంద్రానికి పోరు. అది రెండు వందల కిలోమీటర్ల దూరం, ఆలపల్లి దాకా ఆ రోడ్డు ఎలా ఉంటుందో పోయినవాళ్లకే తెలుసు. చెన్నూరో, మంచిర్యాలో, మరీ అయితే వరంగలో పోతారు. నేను చదువుకూ అటే పోయాను. హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు కాలేజీ, బీఎస్సీ ఎమర్జెన్సీ మెడికల్ టెక్నాలజీ, మూడేళ్లు క్లాసులు, ఒక ఏడాది ఇంటర్న్‌షిప్. కాలేజీ పేరు చెప్పను. తమ్ముడి వరసైన అబ్బాయి ఇంకా అక్కడే చదువుతున్నాడు.

ఊళ్లో ఎవరైనా ఏం చదువుతున్నావంటే "పారామెడికల్" అని చెప్పేదాన్ని, "ఓ, ల్యాబా?" అనేవాళ్లు. తప్పు వాళ్లది కాదు. మన దగ్గర రక్తం తీసేవాళ్లూ, ఎక్స్‌రే తీసేవాళ్లూ, కళ్లు చూసేవాళ్లూ అందరూ పారామెడికలే. అంబులెన్స్‌లో పనిచేసేవాళ్లను మాత్రం ఈఎంటీ అంటారు, డ్రైవర్‌ను పైలట్ అంటారు, 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో 108 మొదలైనప్పటి నుంచీ ఈ మాటలే జనం నోట్లో పడ్డాయి. మా సీనియర్ ఒకాయన కేర్ వర్కర్‌గా బ్రిటన్ వెళ్లాడు. అక్కడ హెచ్‌సీపీసీ అనే సంస్థలో నమోదు కానివాళ్లు తమను తాము పారామెడిక్ అని చెప్పుకుంటే నేరమట. అది నియంత్రించే సంస్థ. అది కాక వృత్తివాళ్ల సంఘం ఒకటి వేరే ఉంది, కాలేజ్ ఆఫ్ పారామెడిక్స్ అని, అందులో చదువుకునే పిల్లలు కూడా సభ్యులుగా చేరొచ్చు. ఆయన ఇది చెప్పిన రోజు హాస్టల్లో మేమంతా ఓ అరగంట నోరెళ్లబెట్టి విన్నాం, తర్వాత మెస్‌లో పప్పు అయిపోతుందని పరిగెత్తాం.

మన దగ్గరా ఈ వృత్తులకు చట్టం వచ్చింది. మేం ఫస్టియర్‌లో ఉండగానే, 2021 మార్చి 28న దానికి రాష్ట్రపతి ఆమోదం పడింది. జాతీయ స్థాయిలో ఒక కమిషన్, ప్రతి రాష్ట్రానికి ఒక కౌన్సిల్, కేంద్రంలో ఒక రిజిస్టరు, రాష్ట్రంలో ఒక రిజిస్టరు. యాభైకి పైగా వృత్తులను పది కేటగిరీలుగా విడగొట్టారు, మాది ట్రామా, బర్న్ కేర్, అనస్థీషియా వాళ్లతో కలిపిన కేటగిరీ. అందులో అడ్వాన్స్ కేర్ పారామెడిక్ అని ఒకటి, ఎమర్జెన్సీ మెడికల్ టెక్నాలజిస్ట్ అని ఇంకొకటి విడివిడిగా ఉన్నాయి, రెండో దాని పక్కన మళ్లీ పారామెడిక్ అని రాసి ఉంది. మేం ఎందులోకి వస్తామని క్లాసులో అడిగితే మేడమ్ "పరీక్షకు రాదు, వదిలేయండి" అంది.

నేను వదల్లేదు. గొప్ప చైతన్యం ఏమీ కాదు, సెకండియర్‌లో డెంగ్యూ వచ్చి పదిహేను రోజులు రూమ్‌లోనే ఉన్నాను, చదవడానికి ఫోన్ తప్ప ఏమీ లేదు. అప్పుడు కంటపడిన సంగతి ఏంటంటే, ఆ చట్టం గంటల్లో మాట్లాడుతుంది. అలైడ్ హెల్త్ ప్రొఫెషనల్ అనిపించుకోవాలంటే రెండు నుంచి నాలుగేళ్లలో 2,000 గంటలకు తగ్గని చదువు, హెల్త్‌కేర్ ప్రొఫెషనల్ అనే ఇంకో పెద్ద రకానికి 3,600 గంటలు. ఏళ్లు కాదు, గంటలు. అంటే రేపు ఎవరైనా వచ్చి "నువ్వు ఎన్ని గంటలు చేశావు, చూపించు" అంటే నేను చూపించాల్సింది సర్టిఫికెట్ మీది తేదీలు కాదు, ఏ రోజు ఏం చేశామో రాసి సంతకం పెట్టించుకునే లాగ్‌బుక్. ఇది అర్థమయ్యేసరికి నా లాగ్‌బుక్‌లో ఆరు నెలల పేజీలు ఖాళీగా ఉన్నాయి.

ఇంటర్న్‌షిప్ 2024 మే 2న మొదలైంది. పదకొండు మందిమి. ఎమర్జెన్సీ డిపార్ట్‌మెంట్‌లో వేశారని ఎగిరి గంతేశాం కానీ మొదటి మూడు నెలలు చేసిందల్లా పేషెంట్లను స్కానింగ్‌కు తోసుకెళ్లడం, ఫైళ్లు మోయడం, బిల్లింగ్ కౌంటర్ ఎక్కడో అటెండర్లకు చూపించడం. నేర్చుకోలేదని అనను. ఒక నైట్ డ్యూటీలో ఓ సిస్టర్ నా చేతికి ఆంబూ బ్యాగ్ (చేత్తో నొక్కి ఊపిరి అందించే సంచి) ఇచ్చి, మాస్క్ పట్టుకున్న నా వేళ్లను తన వేళ్లతో ఒక్కొక్కటిగా సర్దింది, బొటనవేలు చూపుడువేలు మాస్క్ మీద, మిగతా మూడూ దవడ ఎముక కింద, "చర్మం మీద నొక్కకు, ఎముకను పైకి లాగు" అంది. పేషెంట్ ఛాతీ లేవడం చూశాను. మూడేళ్ల థియరీలో ఆ మూడు వేళ్ల సంగతి ఎవరూ చెప్పలేదు, రాసి ఉంటారు, చెప్పలేదంతే. కానీ అంబులెన్స్? అంబులెన్స్ కోసమే పెట్టిన కోర్సులో అంబులెన్స్ ఎక్కింది సున్నా గంటలు. వాకిట్లోనే ఆగి ఉండేది, మేం దాని పక్క నుంచే టీ తాగడానికి పోయేవాళ్లం.

నవంబర్‌లో ఉత్తరం రాద్దామనుకున్నాం. ఇదే విద్యార్థుల ప్రమేయం అని ఎవరైనా పెద్ద పేరు పెడితే నాకు నవ్వొస్తుంది, ఎందుకంటే రాయడానికి మాకు పన్నెండు రోజులు పట్టింది, అందులో పది రోజులు ఎవరు ముందు సంతకం పెట్టాలన్న దాని మీదే. ఇంటర్నల్ మార్కులు కోసేస్తారని భయం. ఇంటర్న్‌షిప్ కంప్లీషన్ ఆపేస్తారని ఇంకా భయం. ఒకమ్మాయి మంచి ఉపాయం చెప్పింది, పేర్లన్నీ గుండ్రంగా రాద్దాం, అప్పుడు మొదటి పేరంటూ ఉండదని. అలాగే చేశాం, కాగితం మధ్యలో విషయం, చుట్టూ పదకొండు సంతకాలు, పెళ్లి శుభలేఖలా వచ్చింది. ప్రిన్సిపల్‌కు ఒకటి, కాపీ ఢిల్లీలో కమిషన్‌కు స్పీడ్ పోస్ట్. అడిగింది మూడే: అంబులెన్స్ పోస్టింగ్ కావాలి, లాగ్‌బుక్‌లో అంబులెన్స్ గంటలకు వేరే కాలమ్ కావాలి, రాత్రి డ్యూటీలో ఆడపిల్లలకు తలుపు గడియ పడే గది కావాలి. స్టైపెండ్ గురించి కూడా రాయాలని అబ్బాయిలు పట్టుబట్టారు, నాలుగో పాయింటుగా రాసి మళ్లీ కొట్టేశాం. ఇప్పుడనిపిస్తుంది, అది ఉంచాల్సింది.

రెండో రోజే హెచ్‌ఓడీ పిలిచాడు. "మీరు కోర్టుకు పోతున్నారా?" అన్నాడు. లేదు సార్, అంబులెన్స్ ఎక్కుతామంటున్నాం అన్నాను. నోట్లోంచి వచ్చేశాక కాళ్లు వణికాయి. ఆ సాయంత్రమే ఇద్దరి ఇళ్లకు ఫోన్లు వెళ్లాయి, మా బాపుకు, అంటే నాన్నకు, రాలేదు, సిగ్నల్ లేక బతికిపోయాను. ఓ నెల పాటు ఎవరూ మాతో సరిగా మాట్లాడలేదు. జనవరిలో మాత్రం నోటీస్ బోర్డు మీద కొత్త రోస్టర్ వేశారు, ఒక్కొక్కరికి రెండు వారాలు అంబులెన్స్, పన్నెండు షిఫ్టులు, షిఫ్టుకు ఎనిమిది గంటలు. తొంభై ఆరు గంటలు. గడియ కూడా పెట్టించారు, గది మాత్రం పాతదే.

ఆ తొంభై ఆరు గంటల గురించి రాస్తే ఇది వేరే కథ అయిపోతుంది. ఒక్కటి చెప్తా. మొదటి కేసు దింపి వచ్చాక నేను చేతులు కడుక్కోవడానికి పోతుంటే సీనియర్ ఈఎంటీ అన్న ఆపి, గ్లవ్స్ తీసేసి ముందు టైమ్ రాయి అన్నాడు. కాల్ ఎప్పుడొచ్చింది, ఎప్పుడు బయల్దేరాం, ఎప్పుడు చేరాం. "ఇప్పుడు నిమిషం గుర్తుంటుంది, కడుక్కుని వచ్చాక గంట గుర్తుంటుంది, రేపటికి ఏమీ గుర్తుండదు." రిజిస్ట్రేషన్ గురించి నాకు ఎవరైనా ఇచ్చిన అసలైన సలహా అదే, అది రిజిస్ట్రేషన్ గురించని అప్పుడు నాకూ తెలియదు, ఆయనకూ తెలియదు.

2025 మే 1న ఇంటర్న్‌షిప్ ముగిసింది. వారంలో కంప్లీషన్ సర్టిఫికెట్ వస్తుందన్నారు. 14న ఇంటికొచ్చాను. 16న కాలేజీ నుంచి ఫోన్, లాగ్‌బుక్‌లో నలభై ఏడు ఎంట్రీలకు సంతకాలు లేవు, అవి పూర్తయితేనే సర్టిఫికెట్ అని. ఆ నలభై ఏడూ ఒకే డాక్టర్‌వి. డ్యూటీ అయ్యాక పెట్టించుకుందాంలే అని వాయిదా వేస్తూ పోయాను, ఫిబ్రవరిలో ఆయన ఉద్యోగం మారి కరీంనగర్ వెళ్లిపోయాడు. పూర్తిగా నా తప్పే.

ఇక్కడ టైమింగ్ చూడండి. మే 15 నుంచి 26 దాకా కాళేశ్వరంలో సరస్వతి పుష్కరాలు. మా ఇంటి నుంచి కరీంనగర్ పోవాలంటే ఆ జనం మధ్యలోంచే పోవాలి. చెన్నూరు మీదుగా చుట్టి పొమ్మని బాపు చెప్పాడు, దూరమని వినలేదు. 18న పొద్దున బయల్దేరితే కాళేశ్వరం దాటడానికే మూడు గంటలు పట్టింది. కార్లు, ట్రాక్టర్లు, తడి బట్టల మూటలు, బిందెలు. ఆ మధ్యలో ఒక 108 సైరన్ మోగిస్తూ అంగుళం కదలకుండా నిలబడిపోయింది. వెనక తలుపు అద్దంలోంచి లోపల ఈఎంటీ ఒంగి ఏదో చేస్తున్నట్టు కనిపిస్తోంది. బస్సు దిగి పోయి సాయం చేయాలా అనిపించింది, కానీ ఎవరినని చెప్పుకోవాలి? చేతిలో సంతకాల్లేని లాగ్‌బుక్, రిజిస్ట్రేషన్ లేదు, ఇంటర్న్‌ని కూడా కాదు ఇప్పుడు. ఈ ఆలోచనలో ఉండగానే కొందరు కుర్రాళ్లు దిగి ట్రాక్టర్‌ను పక్కకు నెట్టించారు, 108 వెళ్లిపోయింది.

కరీంనగర్‌లో ఆ డాక్టర్ గారు నన్ను గుర్తుపట్టారు, అదొక్కటే ఆ నెలలో మంచి విషయం. ఓపీ మధ్యలో కూర్చోబెట్టి నలభై ఏడూ చదివి మరీ సంతకం చేశారు. మూడింటికి చేయలేదు, "ఈ రోజు నేను లీవులో ఉన్నానమ్మా" అన్నారు. నేనే తేదీ తప్పు రాశాను. ఆ మూడూ కొట్టేసి పక్కన నా పొట్టి సంతకం పెట్టాను. మొత్తం గంటలు 2,240 నుంచి 2,216కు దిగాయి. మే 25న, ఆదివారం, ఎవరో పుణ్యాత్ముడు స్టాంపు వేసి కంప్లీషన్ సర్టిఫికెట్ స్కాన్ పంపించాడు.

డిగ్రీ ప్రొవిజనల్ సర్టిఫికెట్ జూన్ 12న చేతికొచ్చింది. జూన్ 16న ఆన్‌లైన్‌లో రిజిస్ట్రేషన్‌కు దరఖాస్తు పెట్టాను. ఫొటో సైజు దగ్గర రెండు గంటలు పోయింది, మిగతాది ఇరవై నిమిషాలు. జులై 3న ఒరిజినల్స్‌తో రమ్మని తేదీ ఇచ్చారు. ఆఫీసు పేరు చెప్పను, రెన్యువల్‌కు మళ్లీ వాళ్ల దగ్గరికే పోవాలి.

జులై 3. పొద్దున పదింటికే వరసలో నిలబడ్డాను, నా వంతు పన్నెండున్నరకు వచ్చింది. కౌంటర్‌లో సార్ మర్యాదస్తుడే. నా కాగితాలు వరసగా పరిచాడు. పదో తరగతి మెమో మీద ఇంటిపేరు, నా పేరు, నాన్న పేరు. మహారాష్ట్రలో అందరికీ అంతే, మూడు ముక్కలు ఉండాల్సిందే. ఆధార్ మీద నా పేరు, నాన్న పేరు, చివర ఇంటిపేరు. డిగ్రీ మీద ఇంటిపేరుకు ఒక అక్షరం, నా పేరు, నాన్న పేరు లేనే లేదు. ఆయన కళ్లద్దాలు పైకి నెట్టి, మెమో మీద వేలు పెట్టి అడిగాడు.

"ఈ మూడో పేరు ఎవరిదమ్మా, మీ ఆయనదా?"

"మా బాపుది సార్."

వెనక వరసలో నవ్వులు. నాకూ నవ్వొచ్చేది, కానీ అప్పటికే ఆయన పెన్సిల్‌తో ఒక గుండ్రం చుట్టాడు. బాపు పేరు చివర అయ్య. మావైపు ఇంగ్లీషులో రాసేటప్పుడు దానికి రెండు వైలు పెడతారు, హైదరాబాద్‌లో ఐ పెట్టి చివర హెచ్ తగిలిస్తారు. కాలేజీలో చేరినప్పుడు ఫారం నింపింది అక్కడి క్లర్కు, తన అలవాటు ప్రకారం నింపాడు, నేను చూసుకోలేదు. పలికితే ఒకటే అయ్య, కాగితం మీద ఇద్దరు నాన్నలు. పైగా పదో తరగతి మెమో లామినేషన్ చేసి ఉంది. చూడగానే "ఇదెందుకు చేయించావమ్మా" అన్నాడు, లామినేషన్ చేస్తే వెనక ముద్ర, కాగితం అసలుదో కాదో తెలియదట. జాగ్రత్తగా ఉంటుందని అమ్మ చేయించింది, ఊళ్లో అందరూ చేయిస్తారు. ఎవరూ చేయించకండి. దాన్ని ఒలిచే ప్రయత్నం అస్సలు చేయకండి, మా ఫ్రెండ్ ఒలిస్తే మార్కులు ప్లాస్టిక్‌తో పాటు వచ్చేశాయి. నా లామినేషన్ మెమోను చివరికి స్కూలు నుంచి తెచ్చిన బోనఫైడ్‌తో కలిపి ఒప్పుకున్నారు.

చెప్పిందేంటంటే, ఈ పేర్లన్నీ ఒక్కరివేనని అఫిడవిట్ తెమ్మన్నారు. ఇంతేనా అనుకుని ఇంటికొచ్చాను. జులై 7న నోటరీ దగ్గర చేయించి స్కాన్ పంపాను. మూడు రోజులకు జవాబు: నోటరీది కాదు, మేజిస్ట్రేట్ ముందు చేసింది కావాలి. సరే, మా దగ్గర తహసీల్ ఆఫీసులో సేతు కేంద్రం (ఇక్కడి మీసేవ లాంటిది) ఉంటుంది, అక్కడ మేజిస్ట్రేట్ అధికారం ఉన్న నాయబ్ తహసీల్దార్ ముందు శపథ్‌పత్ర్, అంటే అఫిడవిట్, చేయిస్తారు. 14న చేయించాను, గంటలో అయిపోయింది, సంతోషంతో సమోసా కూడా తిన్నాను. ఈసారి ఆన్‌లైన్ నమ్మకుండా స్వయంగా పట్టుకుపోదామని ఆదివారం రాత్రి బయల్దేరి జులై 21 సోమవారం పొద్దున ఆఫీసు ముందు దిగాను. గేటుకు తాళం. వాచ్‌మన్ నన్ను చూసి "బోనాల సెలవు గదమ్మా" అన్నాడు. మా మహారాష్ట్ర క్యాలెండర్‌లో బోనాలకు సెలవు లేదు. పోతరాజు డప్పులు వింటూ ఫ్రెండ్ రూమ్‌కు నడుచుకుంటూ పోయాను, ఏడుపు వచ్చింది కానీ రోడ్డు నిండా జనం, ఏడవడానికి కూడా చోటు లేదు.

మర్నాడు అదే సార్. శపథ్‌పత్ర్ తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. "అమ్మా, ఇది హిందీనా?" మరాఠీ సార్ అన్నాను. సేతులో అచ్చు ఫారం మరాఠీలోనే ఉంటుంది. పుట్టినప్పటి నుంచి చూస్తున్న లిపి కాబట్టి హైదరాబాద్‌లో అది ఎవరికీ రాదన్న సంగతే తట్టలేదు. ఆయన చాలాసేపు ఆలోచించి, పక్క టేబుల్ ఆయన్ను అడిగి, "ఇంగ్లీషులో తెచ్చెయ్ తల్లీ, ఇంకేం అడగను" అన్నాడు. ఆ తల్లీ అనే మాటకు కోపం కూడా సగం చచ్చిపోయింది.

ఇంగ్లీషు డ్రాఫ్టు నేనే రాసుకున్నాను, అందులో నా పేరు నాలుగు రకాలు, బాపు పేరు రెండు రకాలు, ఏ కాగితంలో ఏది ఉందో వరసగా. జులై 30న తహసీల్లో సంతకం పడింది. బాపు కూడా పక్కన ఇంకో అఫిడవిట్ ఇచ్చాడు, రెండు వైలు ఉన్న మనిషీ, ఐ ఉన్న మనిషీ తనేనని. సంతకం పెట్టి బయటికొచ్చాక "యాభై రెండేళ్లు వచ్చాక నేను నేనేనని రాసియ్యాల్సి వచ్చింది" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నాకే గొంతులో ఏదో అడ్డం పడ్డట్టయింది.

ఆగస్టులో వానలు. రెండుసార్లు బయల్దేరి రెండుసార్లూ బస్టాండ్ నుంచి వెనక్కొచ్చాను. చివరికి ఆగస్టు 21న ఒరిజినల్స్ చూపించాను, పది నిమిషాల్లో అయిపోయింది. నాలుగోసారికి అంత తేలికగా అయిపోతే ఏదో మర్చిపోయారేమోనని టెన్షన్ పట్టుకుంది, మెట్ల దగ్గరి నుంచి వెనక్కి పోయి "ఇంకేమైనా కావాలా సార్" అని అడిగాను. తర్వాత ఇరవై తొమ్మిది రోజులకు ఆ మెసేజ్.

ఖర్చు. రిజిస్ట్రేషన్ ఫీజు దీంట్లో చిన్న ముక్క, దాన్ని పక్కన పెడితే నాకు పదకొండు వేల నాలుగు వందలు అయింది. సగానికి పైగా దారి ఖర్చే. తెలంగాణ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు కదా అని మా అత్త అంది, అది తెలంగాణ వాళ్లకే, నా ఆధార్ మీద గడ్చిరోలి ఉంది. మా మహారాష్ట్ర ప్రభుత్వ ఎస్టీ బస్సులో ఆడవాళ్లకు సగం టికెట్, అది వంతెన దాకా. ఒకసారి కండక్టర్ నా తెలుగు విని జీరో టికెట్ కొట్టబోయి ఆధార్ చూసి ఆగాడు. మిగతాది జిరాక్సులు, ఫొటోలు, నోటరీ, రెండు పూటలు బయట తిండి, సమోసా. మిర్చి అమ్మిన డబ్బులోంచి బాపు ఇచ్చాడు, అడక్కుండానే.

ఇంత చేసి వచ్చిన నంబర్‌తో సిరొంచలో ఉద్యోగం ఉంటుందా అంటే, ఇది చాలామందికి తెలియదు, చేరేముందు నాకూ తెలియదు. మహారాష్ట్రలో 2014లో 108 మొదలైనప్పటి నుంచి అంబులెన్స్‌లో డాక్టర్‌నే పెడుతున్నారు, ఎక్కువగా ఆయుర్వేద, హోమియో డాక్టర్లు. నది ఇటు ఒడ్డున ఆ సీట్లో డాక్టర్, అటు ఒడ్డున ఈఎంటీ. డాక్టర్ ఉండటం తప్పని అనను, కానీ నేను చదివిన కుర్చీ మా ఊరివైపు లేదు. పైగా మహారాష్ట్రకు సొంత పారామెడికల్ కౌన్సిల్ చట్టం కూడా ఉంది, అక్కడ పనిచేయాలంటే ఆ దారి వేరే. దాని కాగితాలు కూడా పోగేస్తున్నాను, ఈసారి ఇంగ్లీషు కాపీ, మరాఠీ కాపీ రెండూ ముందే పెట్టుకుని. అంతవరకు మంచిర్యాలలో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఎమర్జెన్సీలో చేరాను, అక్టోబర్ 6 నుంచి. జీతం చెప్తే నవ్వుతారు. మా తాలూకా నుంచి వచ్చే కేసులు మాత్రం నా దగ్గరికే పంపుతారు, సగం మరాఠీ సగం తెలుగులో చెప్పేది నాకే అర్థమవుతుందని.

మొన్న తమ్ముడు ఫొటో పంపాడు. వాళ్ల కొత్త లాగ్‌బుక్ అచ్చు వేయించారట, మేం గుండ్రంగా సంతకాలు పెట్టి అడిగిన కాలమ్ అందులో వచ్చింది, అంబులెన్స్ గంటలకు వేరే. కాకపోతే అంబులెన్స్ స్పెల్లింగ్ తప్పు పడింది, ఒక అక్షరం ఎగిరిపోయింది. మార్పించమని మళ్లీ ఉత్తరం రాయాలా అక్కా అని అడిగాడు. రాద్దువుగానీ, ఇవాళ్టి షిఫ్టుకు సంతకం అయిందా అన్నాను. రేపు పెట్టిస్తా అన్నాడు. ఫోన్ పెట్టేసి ఇప్పుడే పో అన్నాను.